కొత్త మినీ పొక్లెయిన్ కొనాలి. 1.7 టన్నులా, 3 టన్నులా, 8 టన్నులా?

సత్తుపల్లి_తోట
అందరికీ నమస్కారం. మాది సత్తుపల్లి దగ్గర ఊరు. ఆరెకరాల పామాయిల్, మధ్యలో కోకో. ఒక ట్రాక్టరు ఉంది, నాన్న కిరాయికి తిప్పుతారు. ఊళ్ళో ఇంటికో ట్రాక్టరు అయ్యాక ఆ కిరాయిలు పడిపోయాయి. జేసీబీలు కూడా మండలంలో లెక్కలేనన్ని. అందుకని మినీ పొక్లెయిన్ (మా వైపు చిన్న ఇటాచీ అంటారు) కొత్తది తీసుకుందామని ఆలోచన.

ముగ్గురు సేల్స్ వాళ్ళు ఇంటికొచ్చి వెళ్ళారు. ఒకాయన 1.7 టన్నులది చాలన్నాడు. రెండో ఆయన 3 టన్నులది, జీఎస్టీతో కలిపి 27 లక్షల చిల్లర. మూడో ఆయన ఇంకో పన్నెండు లక్షలు వేస్తే 8 టన్నులది వస్తుంది, అంత డబ్బు పెట్టి బొమ్మ బండి ఎందుకు తమ్ముడూ అన్నాడు. ఆ మాట నాన్న చెవిలో పడింది, అప్పట్నుంచి ఇంట్లో రోజూ అదే చర్చ.

చేతిలో ఏడు లక్షలున్నాయి. మిగతాది ఫైనాన్స్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, ఏ కంపెనీ తీసుకోవాలి? కింద చైను (ట్రాకు) రబ్బరుదా, ఇనుపదా? జీరో టెయిల్ అంటున్నారు, అది నిజంగా పనికొస్తుందా, డబ్బులు గుంజడానికా? పామాయిల్ గుంతలు తవ్వుకున్నా గిట్టుబాటు అవుతుందని నా లెక్క.

మట్టిపని_గుంటూరు
తమ్ముడూ, నాకు ఒక టైరు బండి, ఒక 3 టన్నుల చైను బండి ఉన్నాయి. ముందు పామాయిల్ గుంతల సంగతి మర్చిపో. తొమ్మిది మీటర్ల ముక్కోణపు పద్ధతిలో ఎకరానికి 57 మొక్కలు. రెండడుగుల గుంతలు 57 అంటే ట్రాక్టరుకు ఆగర్ (గుంతలు తవ్వే బర్మా) తగిలించినవాడు మధ్యాహ్నం భోజనం వేళకి ముగించి వెళ్ళిపోతాడు. నువ్వు బకెట్‌తో తవ్వితే గుంత చుట్టూ మట్టి చెల్లాచెదురు, రైతు గొణుగుడు అదనం. పైగా తోట ఒకసారి వేస్తే పాతికేళ్ళు. ఆ రైతు మళ్ళీ నిన్ను ఎందుకు పిలుస్తాడు?

కంపెనీ ఆఖరి ప్రశ్న. ముందు ఒక పని చెయ్యి. నోటుబుక్కులో పదిమంది పేర్లు రాయి. బండి వచ్చిన మొదటి నెలలో నీకు ఫోన్ చేసేవాళ్ళెవరు? మేస్త్రీలు, డ్రిప్ కాంట్రాక్టరు, సెప్టిక్ ట్యాంకులు కట్టేవాడు, పంచాయతీ డ్రైనేజీ పనులు చేసేవాడు. పేర్లు కాదు, మనుషులు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఇప్పుడు ఏ బండి పిలుస్తున్నారు, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారు అని అడుగు. పది పేర్లు రాయలేకపోతే బండి కొనకు.

చైనుబండి_నల్గొండ
8 టన్నులదే తీసుకో అన్నా. మాది రాతి నేల. 3 టన్నుల బండికి పట్టేది దాదాపు 150 కిలోల బ్రేకరు. దానితో బండరాయి కొడితే రాయికి చక్కిలిగింతలు పెట్టినట్టు ఉంటుంది. నా పక్క ఊరి కుర్రాడు చిన్నది తెచ్చి ఆరు నెలల్లో తల పట్టుకున్నాడు.

మట్టిపని_గుంటూరు
నల్గొండ నేలకు నల్గొండ బండి. సత్తుపల్లిలో ఎర్రమట్టి, నల్లరేగడి. అక్కడ బండరాళ్ళెక్కడివి? 8 టన్నుల బండి తీసుకుంటే ఇతను చెరువు పూడికకు, చేలు చదును చేయడానికి వెళ్ళాలి, అక్కడ పెద్ద ఇటాచీలతో, జేసీబీలతో పోటీ. పైగా 8 టన్నులది కదలాలంటే ప్రతిసారీ లారీ మాట్లాడుకోవాలి. 3 టన్నులది డీసీఎంలో ర్యాంపు వేసి ఎక్కించొచ్చు, గట్టి ట్రాక్టరు ట్రాలీ ఉంటే దాని మీద కూడా. అతని ఇంట్లో ట్రాక్టరు ఉంది కదా.

సత్తుపల్లి_తోట
ట్రాలీ సంగతి నాకు తట్టలేదు. థ్యాంక్స్ అన్నా. మరి 1.7 టన్నులది? అది పికప్‌లో పడుతుందన్నాడు సేల్స్ ఆయన.

గ్రీజుగన్
పడుతుంది, పికప్ నడుం పడుతుంది. మన దగ్గర ఎక్కువగా తిరిగే పికప్‌లు మోసేది టన్నున్నర, టన్నూ ఏడు వందల కిలోల వరకు. బండి 1.7, దాని మీద బకెట్లు, డీజిల్ డబ్బా, హెల్పరు. ఘాట్ ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలితే తెలుస్తుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పని చేసి ముప్పై ఏళ్ళు. కంపెనీల పేర్లు చెప్పను, అన్నీ నా షెడ్డులోకి వస్తాయి. 1.7 మంచి బండే. ట్రాక్ లోపలికి ముడుచుకునే రకాలున్నాయి, మీటరు కంటే సన్న గేటులో దూరతాయి. హైదరాబాద్‌లో పాత ఇళ్ళ మధ్య, అపార్టుమెంటు సెల్లార్లలో వాటికి పని ఉంటుంది. పల్లెటూళ్ళో గేటు అంత సన్నగా ఉండదు, ఎడ్లబండి పట్టేలా ఉంటుంది. లోతు కూడా చూడండి. 1.7 టన్నులది రెండుంబావు మీటర్లు తవ్వుతుంది, 3 టన్నులది మూడు మీటర్లకు అటూ ఇటూ. సెప్టిక్ ట్యాంకు ఎనిమిది అడుగులంటే దాదాపు రెండున్నర మీటర్లు. అక్కడే తేలిపోయింది.

ఇంకొకటి. సేల్స్ ఆయన్ను అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు. మీ మెకానిక్ ఎక్కడ ఉంటాడు, అతని ఫోన్ నంబరు ఇవ్వండి అనండి. షోరూం నంబరు కాదు, మెకానిక్‌ది. నంబరు ఇచ్చాక ఆదివారం పొద్దున ఒకసారి చేసి చూడండి.

కొత్తసభ్యుడు_77
పొక్లెయిన్, ఇటాచీ, జేసీబీ మూడూ ఒకటేనా? సిల్లీ ప్రశ్నే, తెలియక అడుగుతున్నా.

గ్రీజుగన్
పొక్లెయిన్ అనేది ఫ్రాన్సు కంపెనీ పేరు బాబూ. ముందుగా వచ్చినవాడి పేరు బండికే అంటుకుంది. ఇటాచీ అంటే హిటాచీ, జపాన్‌ది. జేసీబీ ఇంగ్లండ్ కంపెనీ. మనవాళ్ళకు చైను మీద గుండ్రంగా తిరిగేది పొక్లెయిన్ లేదా ఇటాచీ, టైర్ల మీద ముందు తొట్టి వెనక చెయ్యి ఉన్నది జేసీబీ. తమాషా ఏంటంటే జేసీబీ వాళ్ళు కూడా మినీ పొక్లెయిన్లు అమ్ముతారు. అది కొన్నవాడు "జేసీబీ కంపెనీ ఇటాచీ కొన్నా" అంటాడు, అందరికీ అర్థమవుతుంది కూడా.

లెక్కలపద్దు
హనుమకొండ నుంచి. ఎవరూ డబ్బు లెక్క వేయలేదు కాబట్టి నేను వేస్తాను. బండి 23 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 4.14 లక్షలు, మొత్తం 27.14. మీరు ఏడు పెడతారు, అప్పు 20 లక్షలనుకుందాం.

ఫైనాన్స్ ఆయన "6 శాతమే సార్" అంటాడు. అది ఫ్లాట్ రేటు, అంటే అసలు తగ్గుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ. 20 లక్షలకు 6 శాతం చొప్పున నాలుగేళ్ళు అంటే వడ్డీ 4.80 లక్షలు, మొత్తం 24.80. 48తో భాగిస్తే నెలకు 51,667. ఇదే కిస్తీ బ్యాంకు లెక్కలో, అంటే తగ్గుతున్న అసలు మీద వడ్డీ కడితే, 11 శాతం అవుతుంది. కాబట్టి బ్యాంకువాడు 10 శాతం అన్నప్పుడు ఎక్కువనిపించి, ప్రైవేటువాడు 6 అన్నప్పుడు సంబరపడొద్దు. బ్యాంకు 10 శాతానికి కిస్తీ 50,725. నెలకు తొమ్మిది వందల పైచిలుకు తేడా, బ్యాంకుదే తక్కువ.

ఇప్పుడు ఆదాయం. గంటకు 1,100 కిరాయి, డీజిల్ మీదే. గంటకు మూడు లీటర్లు, లీటరు 96 అనుకోండి. ఆపరేటరు జీతం బత్తాతో కలిపి 25,000. రిపేర్లకు, ట్రాకుకు, ఆయిల్‌కు గంటకు వంద పక్కన పెట్టాలి.

నెలకు 120 గంటలు నడిస్తే 1,32,000 వస్తుంది. డీజిల్ 34,560, కిస్తీ 51,700, ఆపరేటరు 25,000, రిపేర్ల నిధి 12,000 పోతే మిగిలేది 8,740.

80 గంటలే నడిస్తే? 88,000 వచ్చి ఖర్చులన్నీ పోను 19,740 జేబులోంచి పడుతుంది.

ఇన్సూరెన్స్ ఇంకా కలపలేదు. మీరు భయపడాలని కాదు, ఈ అంకెల్లో మీ చేతిలో ఉన్నది ఒకటుంది. చూశారా?

సత్తుపల్లి_తోట
ఆపరేటరు జీతం?

లెక్కలపద్దు
అదే. మీరే నేర్చుకుని మీరే నడిపితే 120 గంటల నెలలో 8,740 కాస్తా 33,740 అవుతుంది. 80 గంటల నెలలో కూడా 5,260 మిగులుతుంది. వానాకాలం నాలుగు నెలలు చేలల్లో పైరు ఉంటుంది, బండి దిగదు. ఆ నాలుగు నెలల్ని తట్టుకునే లెక్క ఇదొక్కటే.

జీఎస్టీ మాట ఒకటి. 120 గంటల చొప్పున ఏడాది పొడుగునా నడిపినా మీ టర్నోవరు 15.84 లక్షలు. సేవలకు 20 లక్షలు దాటితేనే మన రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తీసుకోకపోతే ఆ 4.14 లక్షలు మీ ఖర్చే. కావాలని తీసుకుంటే అది వెనక్కి సర్దుకోవచ్చు, కానీ కిరాయి మీద 18 శాతం వేయాలి. కాంట్రాక్టరు అభ్యంతరం చెప్పడు, అతను తన లెక్కలో సర్దుకుంటాడు. రైతు మాత్రం 1,100కి 1,298 ఎందుకివ్వాలి అంటాడు. మీ పది పేర్లలో రైతులెందరో, కాంట్రాక్టర్లెందరో చూసుకుని నిర్ణయించుకోండి.

ఎడారి_ఆపరేటర్
మాది జగిత్యాల, తొమ్మిదేళ్ళుగా గల్ఫ్‌లో ఎక్స్‌కవేటర్ నడుపుతున్న. తమ్మీ, నువ్వే నడుపుతానంటే ఒక మాట గుర్తుంచుకో. బండి పెద్ద చెయ్యి బూమ్, దాని కొసకున్న చిన్న చెయ్యి ఆర్మ్. లీవర్లు రెండు రకాలు. ఐఎస్ఓ పద్ధతిలో ఎడమ చేతిలో తిరుగుడు, ఆర్మ్. కుడి చేతిలో బూమ్, బకెట్. ఎస్ఏఈ పద్ధతిలో బూమ్ ఎడమకు, ఆర్మ్ కుడికి మారుతాయి. జేసీబీ మీద చేయి తిరిగినవాణ్ణి తెచ్చి చిన్న ఇటాచీ ఎక్కిస్తే బూమ్ దించబోయి ఆర్మ్ చాపుతడు. గోడ పక్కన పనిచేసేటప్పుడు అదొక్కటి చాలు కొంప ముంచడానికి. కొన్ని బండ్లకు రెండు పద్ధతులకూ మార్చుకునే వాల్వు ఉంటది, సీటు కిందనో వెనకనో. ఉందా అని అడుగు. నువ్వు కొత్తగా నేర్చుకుంటున్నవు కాబట్టి ఐఎస్ఓలోనే నేర్చుకో, ఎక్కడికి పోయినా పనికొస్తది.

నేర్చుకునే పద్ధతి చెప్తా. మొదటి పది రోజులు ఇంజన్ సగం రేసులో పెట్టి ఖాళీ జాగాలో ఒక గుంత తీసి అదే మట్టితో పూడ్చు. మళ్ళీ తియ్యి. రెండు చేతులూ ఒకేసారి కదిలే దాకా కిరాయికి పోకు. నాకు నేర్పిన పాకిస్తానీ ఉస్తాద్ బకెట్ పంటికి గుడ్డు కట్టమనేటోడు. పగలకుండ నేలకు ఆనించాలె. నేను పదకొండు గుడ్లు పగలగొట్టిన.

చైనుబండి_నల్గొండ
పదకొండు గుడ్లు 😄 మా ఆపరేటరు పదకొండు నీళ్ళ పైపులు పగలగొట్టాడు, దానికేమంటారు.

కోనసీమ_కాలువ
జీరో టెయిల్ గురించి ఎవరూ చెప్పలేదు. మాది అమలాపురం వైపు, కొబ్బరి తోటల్లో బోదెలు తీయడమే నా పని. నా బండి జీరో టెయిల్. బండి తిరిగినప్పుడు వెనక భాగం ట్రాకు దాటి బయటికి రాదు. కొబ్బరి చెట్ల మధ్య బోదె గట్టు మీద నిలబడి పక్కకు తిరగాలంటే మామూలు బండి వెనక భాగం చెట్టుకు కొట్టుకుంటుంది. నాకది అవసరం. మీకు పామాయిల్‌లో తొమ్మిది మీటర్ల దూరం, అక్కడ తిరగడానికి చోటు బోలెడు.

దానికో లోటు కూడా ఉంది. వెనక బరువు దగ్గరికి జరిగింది కదా, పక్కకు చాపి నిండు బకెట్ ఎత్తితే మామూలు బండి కంటే త్వరగా ఊగుతుంది. అదే ధరకు రెండూ దొరికితే, ఇరుకు పని ఎక్కువ లేనివాళ్ళు మామూలు తోక బండి తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

జీరో టెయిల్ కంటే ముఖ్యమైనది బూమ్ స్వింగ్. అంటే బండి మొత్తం తిరక్కుండా బూమ్ మొదట్లోనే కుడికీ ఎడమకీ మళ్ళడం. ప్రహరీ గోడకు ఆనుకుని కాలువ తీయాలంటే బండి గోడకు సమాంతరంగా పెట్టి, బూమ్ పక్కకు మళ్ళించి తిన్నగా తవ్వుకుంటూ వెనక్కి వచ్చేయొచ్చు. ఇరుకు సందుల్లో జేసీబీ వాళ్ళు చేయలేని పని ఇదే. ఇది ఉన్న బండికి మేస్త్రీలే వెతుక్కుంటూ వస్తారు.

సత్తుపల్లి_తోట
ఈ వారం పది పేర్లు రాద్దామని కూర్చున్నాను. నిజంగా రాసినవి ఏడే. ముగ్గురు మేస్త్రీలు, ఇద్దరు డ్రిప్ పనివాళ్ళు, సీసీ డ్రైన్లు వేసే ఒక చిన్న కాంట్రాక్టరు, ఫైబర్ కేబుల్ వేసే సబ్ కాంట్రాక్టరు. మేస్త్రీలు ముగ్గురూ ఒకే మాట అన్నారు: ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతుంటే జేసీబీ సందులోకి రాదు, కూలీలు దొరకరు, పిల్లర్ గుంతలకు నాలుగు రోజులు పడుతోంది. ఒకాయన అయితే బండి ఎప్పుడొస్తుందో చెప్పు, పునాది ముహూర్తం ఆ తర్వాత పెట్టిస్తా అన్నాడు.

8 టన్నుల ఆలోచన మానేశాం. నాన్న ఒప్పుకున్నారు, ఆ "బొమ్మ బండి" మాట మాత్రం ఇంకా మర్చిపోలేదు.

మట్టిపని_గుంటూరు
ఏడు పేర్లు బాగానే ఉన్నాయి. ఫైబర్ వాడి పని ఒప్పుకునే ముందు జాగ్రత్త. తవ్వే ముందు కాల్ బిఫోర్ యు డిగ్ యాప్‌లో సమాచారం ఇవ్వాలి, 2023 మార్చిలో తెచ్చారు. నేల కింద పాత కేబుల్, పైపు ఎవరివో వాళ్ళకు కబురు వెళ్తుంది. పని ఇచ్చినవాడు "అన్నీ చూసుకున్నాం, నువ్వు తవ్వు" అంటాడు. తెగాక ఫోన్ ఎత్తడు. యాప్‌లో పెట్టిన నంబరు చూపించమను, లేకపోతే బకెట్ దించకు.

రాత్రిపూట మొరం పని, చెరువు మట్టి పని ఎవరు పిలిచినా వెళ్ళకు. మా వాడొకడు గంటకు మూడు వందలు ఎక్కువిస్తామంటే వెళ్ళాడు. పర్మిట్ ఉందన్నారు. తెల్లారేసరికి మట్టి తోలించుకున్నవాళ్ళు లేరు, ట్రాక్టర్లు లేవు, బండి ఒక్కటే మిగిలింది. చైను బండి పారిపోదు కదా, గంటకు రెండు మూడు కిలోమీటర్లు పోతుంది. నలభై రోజులు స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండింది. కిస్తీలు ఆగవు.

గ్రీజుగన్
ట్రాకు ప్రశ్న మిగిలిపోయింది. సందుల్లో పని, సిమెంటు రోడ్డు మీద నడక, ఎవరి వాకిలి ముందో తిరగడం అంటే రబ్బరే. ఇనుప ట్రాకుతో సీసీ రోడ్డు మీద ఒక మలుపు తిరిగితే ఊరంతా పోగవుతుంది. రబ్బరు ట్రాకు 1,200 నుంచి 1,500 గంటలు వస్తుంది, నడిపేవాడిని బట్టి. నిలబడిన చోటే గిర్రున తిప్పితే అంచులు చీలతాయి. కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనక్కి జరుపుతూ తిప్పాలి. కంకర కుప్ప మీద అస్సలు తిప్పొద్దు. పనయ్యాక ట్రాకు లోపల ఇరుక్కున్న రాళ్ళు పారతో తీసేయాలి. ఎండలో వారాల తరబడి నిలిపితే రబ్బరు పగుళ్ళిస్తుంది, కొబ్బరాకులైనా కప్పండి. ట్రాకు బిగువు గ్రీజుతోనే సరిచేస్తారు, ఎంత సందు ఉండాలో పుస్తకంలో రాసి ఉంటుంది.

బ్రేకరు ఇప్పుడే కొనొద్దు. బ్రేకరు లైను (దానికి ఆయిల్ వెళ్ళే పైపులు) మాత్రం కంపెనీలోనే వేయించుకోండి, తర్వాత బయట వేయిస్తే ఖర్చూ ఎక్కువ, లీకులూ ఎక్కువ. రేపు బ్రేకరు పెట్టాక ఒకేచోట అర నిమిషం దాటి కొట్టకండి. రాయి పగలకపోతే చోటు మార్చండి. కొందరు అదే చోట ఐదు నిమిషాలు కొడతారు, ఉలి ఎర్రబడుతుంది, బ్రేకరు లోపలి సీళ్ళు మాడతాయి. బ్రేకరు పని ఎక్కువైతే హైడ్రాలిక్ ఆయిల్, ఫిల్టరు కూడా పుస్తకంలో చెప్పిన సాధారణ గంటల కంటే ముందే మార్చాలి.

చివరిది. కొత్త బండి మొదటి సర్వీసు 50 గంటలకు. కొత్త గేర్లు, బేరింగులు రాపిడికి సన్నటి ఇనుప పొడి వదులుతాయి, అది ఆయిల్‌లో తిరుగుతుంది. 50 గంటల సర్వీసులో అదంతా బయటికి పోవాలి. "పనులున్నాయి, 80కి చేయిద్దాం" అన్నవాళ్ళ బండ్లతోనే నా షెడ్డు నడుస్తోంది.

లెక్కలపద్దు
ఇన్సూరెన్స్ మాట మర్చిపోయాను. చైను బండి రోడ్డు మీద తనంతట తాను తిరగదు కాబట్టి జేసీబీలాగా ఆర్టీఓ రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు సాధారణంగా ఉండవు. మోటారు పాలసీ కాదు, కాంట్రాక్టర్స్ ప్లాంట్ అండ్ మెషినరీ పాలసీ తీసుకోవాలి. ట్రాలీ మీద వెళ్తూ పడిపోతే వర్తిస్తుందా, పక్కవాడి గోడ పడితే వర్తిస్తుందా, ఈ రెండూ కాగితం మీద చూపించమనండి. నంబరు ప్లేటు లేని బండికి ఇన్‌వాయిసే ఆధారం. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీదున్న ప్లేటుతో సరిచూసుకుని మరీ సంతకం పెట్టండి.

సత్తుపల్లి_తోట
నిన్న డెమో అయింది. రాయాల్సింది చాలా ఉంది.

3 టన్నుల బండి, మామూలు తోక, రబ్బరు ట్రాకు. సేల్స్ కుర్రాడు రోడ్డు పక్కన ఎర్రమట్టిలో తవ్వి చూపిస్తానన్నాడు. అక్కడ చెంచాతో తవ్వినా వస్తుంది. నేను బోరు పక్కన నల్లరేగడి మడికి తీసుకెళ్ళాను, ముందురోజు రాత్రి నీళ్ళు పెట్టి ఉంచాం. అతని మొహం చూడాలి.

అడుగు వెడల్పు బకెట్ తగిలించి ఉంది, డ్రిప్ కాలువలకు అదే బాగుంటుందని నేనే అడిగాను. మొదటి బకెట్ నిండింది, పైకెత్తాడు, తిప్పాడు, బకెట్ బోర్లించాడు. మట్టి రాలేదు. జున్ను ముక్కలా బకెట్‌కు అతుక్కుపోయింది. బకెట్‌ను రెండు మూడుసార్లు టకటకా కుదిపాడు. సగం పడింది. నాలుగో బకెట్‌కి లోపల పట్టే చోటే లేదు. నాన్న పార తీసుకుని బకెట్‌లో తల పెట్టి గీకడం మొదలుపెట్టారు, నేను ఇంజన్ ఆపమని అరిచాను. తర్వాత అడుగున్నర బకెట్ మార్చాం. పిన్నులు కొట్టి, తీసి, మళ్ళీ కొట్టి పావుగంట పట్టింది. అడుగున్నర దానిలో మట్టి దానంతట అదే జారింది. పైన వెడల్పు, కింద సన్నం ఉన్న ఆకారం దానిది. అంటే బకెట్ వెడల్పు కొలత ఒక్కటే కాదు, ఆకారం కూడా చూడాలన్నమాట. ఇది ఏ కాగితంలోనూ లేదు.

తర్వాత తిన్నగా యాభై అడుగులు నడపమన్నాను. మడిలో రెండు గీతలు పడ్డాయి, నాన్న తాడు పెట్టి చూశారు. వంకర లేదు. బండికి కింద ఉన్న చదును బ్లేడు నేలకు ఆనించి తవ్వితే బండి కదల్లేదు, బ్లేడు ఎత్తి తవ్వితే వెనక్కీ ముందుకూ ఊగింది. చివర్లో గంటన్నరకు పట్టిన డీజిల్ కొలిచాం. నాలుగు లీటర్ల పైన కొంచెం. లెక్కలపద్దు గారి మూడు లీటర్లు దాదాపు సరిపోయింది.

ఎడారి_ఆపరేటర్
మీ నాయిన బకెట్ల తల పెట్టుడు ఇంకోసారి జరగొద్దు తమ్మీ. బకెట్ నేల మీద, ఇంజన్ బంద్, సేఫ్టీ లీవర్ ఎత్తి, అప్పుడే ఎవరైనా దగ్గరికి రావాలె. ఇదొక్కటి ఇంట్ల అందరికీ చెప్పు. కరెంటు తీగల కింద బూమ్ ఎత్తుడు కూడా అంతే, కనీసం మూడు మీటర్ల దూరం ఉంచు.

మట్టిపని_గుంటూరు
క్విక్ హిచ్ అడుగు, పిన్నులు కొట్టకుండా బకెట్ త్వరగా మార్చుకునే కొక్కెం అది. పిన్నులు కొట్టే పావుగంట రోజుకు రెండుసార్లంటే అరగంట, గంటకు 1,100 చొప్పున నీకే నష్టం.

చైనుబండి_నల్గొండ
ఒప్పుకుంటున్నా. రెగడిలో 3 టన్నులే కరెక్ట్. 8 టన్నులది ఆ మడిలో దిగితే మర్నాడు దాన్ని తీయడానికి ఇంకో 8 టన్నులది కావాలి.

సత్తుపల్లి_తోట
బండి వచ్చింది. 3 టన్నులు, మామూలు తోక, బూమ్ స్వింగ్, రబ్బరు ట్రాకు, క్యాబిన్ లేదు, పైన టాపు మాత్రమే. అడుగున్నర బకెట్, మూడడుగుల చదును బకెట్, క్విక్ హిచ్, బ్రేకరు లైను. అప్పు బ్యాంకులోనే. కంపెనీ పేరు మాత్రం చెప్పను, చెప్తే ఇక్కడ ఇంకో నలభై పోస్టులు పడతాయి. మెకానిక్ ఖమ్మంలో ఉంటాడు. ఆదివారం పొద్దున ఆరున్నరకు ఫోన్ చేస్తే ఎత్తాడు, కొంచెం విసుక్కున్నాడు కూడా. అందుకే ఆ కంపెనీ.

గుడ్లు ఆరు పగిలాయి. మేస్త్రీ గారి పునాది పని రెండు రోజుల్లో ముగిసింది, పన్నెండు గుంతలు. ఒక గుంత మూడంగుళాలు పక్కకు పోయింది, ఆయన చూసీ చూడనట్టు వదిలేశారు. నాన్న రోజూ సాయంత్రం ట్రాకులో రాళ్ళు తీస్తున్నారు. బొమ్మ బండి అని ఇప్పుడు ఆయనే ముద్దుగా పిలుస్తున్నారు.

గ్రీజుగన్
సంతోషం. మీటరు ఎంత?

సత్తుపల్లి_తోట
46 గంటలు సార్. గురువారం, శుక్రవారం డ్రిప్ పని ఒప్పుకున్నాను, అదయ్యాక సర్వీసు చేయిద్దామని...

గ్రీజుగన్
రేపే ఖమ్మం ఫోన్ చెయ్యి.